పొద్దుపోకు

పెళ్లయి ముప్పై ఏళ్లు దాటాక అళగిరి తన పెళ్లాన్ని మొట్టమొదటిసారి పట్టపగలు తీరిగ్గా చూశాడు. చూసినందుకు తిట్లు తిన్నాడు.

"ఏంది మామా, అట్లా చూస్తా ఉండావు? నేనేమన్నా ఎగ్జిబిషనా?"

"చూడకూడదా?"

"ఇన్నేళ్లు చూడనివాడివి ఇప్పుడు ఏంటికి చూసేది? నోరు వంకర పోయినాకనా?"

ముత్తుమారి నోరు కాస్త ఎడమకు లాగిన మాట నిజమే. కుడి చెయ్యి ఒళ్లో వాలిపోయి, ఎవరో మరిచిపోయి వదిలేసి వెళ్లిన సంచిలా పడి ఉంది. ఆమె ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని ఉంది. అతడు గడప మీద. మధ్యలో ఫ్యాను తిరుగుతోంది. ఆ ఇంట్లో అప్పుడు పని చేస్తున్నది ఆ ఫ్యాను ఒక్కటే.

తమిళనాట రాజపాళయంలో ఇద్దరిదీ ఒకే నూలు మిల్లు. ఆమె రీలింగులో, అతడు స్పిన్నింగులో. ఆడవాళ్లకు రాత్రి షిఫ్టు లేని కాలం గనక ఆమెకు పగలు. పగటిపూట ఇంట్లో పసిపిల్ల దగ్గర ఒక మనిషి ఉండాలి గనక అతడికి రాత్రి. సాయంత్రమైతే అతడు పిల్లనూ తాళంచెవినీ పక్కింట్లో అప్పగించి, పత్తి గోడౌనులో లారీలు దించడానికి పోయేవాడు. ఆమె ఇంటికొచ్చేసరికి అతడు ఉండడు. అతడు వచ్చి ఇంత తిని మళ్లీ షిఫ్టుకు బయల్దేరేసరికి ఆమె గోడవైపు తిరిగి నిద్రపోతుండేది.

వాళ్లు కలుసుకునేదల్లా పొద్దున, పిల్లను పక్కింట్లో వదిలి ఆమె వచ్చేసరికి, మిల్లు గేటు దగ్గర. ఆమె లోపలికి, అతడు బయటికి. నడుములో దోపుకున్న ఇంటి తాళంచెవి తీసి ఆమె అతడి చేతిలో పెట్టేది.

"కుండలో గంజి ఉండాది."

"సరి."

"పిల్లకు జరం. మందు పోయి."

"సరి."

అంతే కాపురం. ఈ లెక్కన ఆ ఇంట్లో పిల్ల ఎట్లా పుట్టిందా అని వీధిలోవాళ్లు ఆశ్చర్యపోయేవారు. మిల్లుకు ఆదివారం సెలవుంటుందన్న సంగతి వాళ్లు మరిచిపోయినట్టున్నారు.

ఆ పిల్ల మారిసెల్వి పెరిగి, పెళ్లయి, తళవాయిపురంలో కాపురముంది. అళగిరి రిటైరయ్యాడు. తర్వాత ముత్తుమారీ రిటైరయింది. ఇంక కడుపునిండా నిద్రపోతానని వీధంతా చెప్పుకుంది. నెల తిరక్కుండానే కుళాయి దగ్గర బిందె ఎత్తబోయి, బిందెతో పాటు కూలబడింది. పక్షవాతం.

కాలు కొన్నాళ్లకు తిరిగొచ్చింది. చెయ్యి రాలేదు. ఆదివారం ఆదివారం కూతురు వచ్చి, "నువ్వు ఒక పనీ చెయ్యొద్దమ్మా, సుమ్మా కూర్చో" అని వంటంతా చేసిపెట్టి పోయేది. ముత్తుమారి కూతురి మాట జవదాటలేదు. ఏ పనీ లేకుండా సుమ్మా కూర్చుంది. బతుకంతా దొరకని సుమ్మా ఇప్పుడు కావలసినంత దొరికింది.

*

ఆస్పత్రిలో చేతులకూ కాళ్లకూ కసరత్తు చేయించే డాక్టరమ్మ పేరు యామిని. ఊళ్లో పాతకాలపు రాజుల ఇంటి పిల్ల. రోగులతో తమిళం మాట్లాడేది గానీ, మొగుడూ పెళ్లాలు తెలుగులో కీచులాడుకోవడం విని తనూ తెలుగులోకి దిగింది. తిట్టడానికి ఇంటి భాషయితే చేతికి అందుతుంది.

"స్పాంజి బాల్ ఇచ్చినాను గదమ్మా. పిసుకుతా ఉండారా?"

"ఉండాది డాక్టరమ్మా, బీరువాలో."

"బీరువా పిసుకుతా ఉందా?"

ముత్తుమారి నవ్వలేదు. "ఇన్నేళ్లూ ఈ చెయ్యి నిలిచినదే లేదు. ఇప్పుడు అదే నిలిచింది. నిలవనీ."

డాక్టరమ్మ ఆమె వేళ్లు ఒక్కొక్కటిగా విప్పి చూసింది. విప్పినవి విప్పినట్టే మళ్లీ ముడుచుకున్నాయి.

"ఇప్పుడు నిలిచితే ఇంక నిలిచే ఉంటుంది. ఈ సారల్ కాలం అయిపోయేలోపల కదిలిస్తే వస్తుంది. లేదంటే అట్లే బిగుసుకొని పోతుంది. పిమ్మట మీ కొప్పు ఇంకొకరు ముడవాల. మీ కూడు ఇంకొకరు కలిపి పెట్టాల. సరేనా?"

ముత్తుమారి కిటికీలోంచి చూసింది. బయట సన్నగా సారల్ పడుతోంది. పడమటి కొండల మీంచి గాలితో జారి వచ్చే ఆ సన్న జల్లు గట్టిగా పడదు, పూర్తిగా ఆగదు. ఏదో చెప్పాలని వచ్చి చెప్పలేక నిలబడిన మనిషిలా ఉంటుంది.

"బాల్ పిసికేది బోర్, నాకూ తెలుసు," అంది యామిని. "అందుకే చెప్తా ఉండా. ఏదన్నా ఒక పొద్దుపోకు పెట్టుకోండి. తోటపని, పాట, ఆట, ఏదన్నా సరి. ఇక్కడికి వచ్చే పెద్దోళ్లను దినమూ చూస్తా ఉండాను గదా. ఏదో ఒక పిచ్చి పెట్టుకొని తిరిగేవాళ్లు పడినా లేస్తారు. సుమ్మా కూర్చున్నవాళ్లు కూర్చొనే ఉండిపోతారు."

కాలక్షేపాన్ని తమిళంలో పొళుదుపోక్కు అంటారు. రాజపాళయం తెలుగు ఇళ్లలో తరతరాలుగా నానీ నలిగీ అది పొద్దుపోకు అయింది.

"మా పొద్దు ఎప్పుడో పోయింది డాక్టరమ్మా," అంది ముత్తుమారి. "ఇంక పోకు అంటే నిలుస్తుందా?"

యామినికి నవ్వొచ్చింది. కానీ ముత్తుమారి హాస్యానికి అనలేదని తెలిసి నవ్వు మింగేసి, అళగిరివైపు తిరిగింది.

"మీరు చెప్పండయ్యా. ఈమెకు ఏమంటే ఇష్టం?"

అళగిరి పైకి చూశాడు, కిందికి చూశాడు. చెప్పులు చూసుకున్నాడు. సినిమాయా? ఎప్పుడు పోయారు గనక. పువ్వులా? తను కొన్నదెప్పుడు? వెతికి వెతికి ఒక మాట పట్టుకొచ్చాడు.

"నిద్ర."

"సరిపోయింది. అమ్మా, ఆయనకు ఏమంటే ఇష్టం?"

ముత్తుమారికి అంతసేపు పట్టలేదు. "నిద్ర."

"జాతకాలు బాగా కుదిరినాయి," అంది యామిని. అళగిరి ఇకిలించాడు. "మీరు నవ్వకండి. మీరు లేచేటప్పుడు మీ మోకాళ్ల చప్పుడు నాకు ఇక్కడికి వినపడతా ఉండాది. వచ్చే ఏడు ఈ కుర్చీ మీకే."

*

ఈమధ్యే చోళపురానికి మారిన శంకరియమ్మాళ్ చూడ్డానికొచ్చింది. రీలింగులో ముత్తుమారి పక్క మిషను ఆమెదే. వచ్చేసరికి ముత్తుమారి కుర్చీలోనే కునుకు తీస్తోంది. శంకరియమ్మాళ్ లేపలేదు. ఒళ్లో ఉన్న కుడి చెయ్యివైపు కాసేపు చూసి, నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది.

"ఈ చెయ్యికా ఈ గతి? మా డిపార్టుమెంటులో దీన్ని ఓడించిన మనిషే లేదు తమ్ముడూ."

"పని చురుకేలే," అన్నాడు అళగిరి.

"పని ఎవురు చూసినారు? నేను చెప్పేది అచ్చనగల్లు ఆటలో."

మధ్యాహ్నం గంట కొట్టగానే గంజి గబగబా తాగేసి, చెత్తపత్తి గది వెనకాల ఆడవాళ్లంతా గుండ్రంగా కూర్చునేవాళ్లట. అయిదు గులకరాళ్లు. ఒకటి పైకెగరేసి, అది దిగేలోపల కిందివి ఏరి, దిగేదాన్ని పట్టుకోవాలి. ముత్తుమారి ఆట మొదలుపెడితే మిగిలినవాళ్లకు వంతు వచ్చేది కాదట. ఒకసారి అందర్నీ పనిలోకి తరమడానికొచ్చిన సూపర్వైజరు అక్కడే నిలబడిపోయి, నోట్లో ఈల పెట్టుకొని ఊదడం మరిచిపోయాడట.

"నీకు తెలీదా?" అంది శంకరియమ్మాళ్.

అళగిరికి తెలియదు. ఒకే కప్పు కింద, ఒకే తాళంచెవితో ఇన్నేళ్లు బతికి, తన పెళ్లాం నవ్వుతూ ఆడే మనిషని చెత్తపత్తి గది గోడకు తెలిసిందే గానీ అతడికి తెలియలేదు. డాక్టరమ్మకు "నిద్ర" అని చెప్పి వచ్చాడు.

"రాళ్లు తెచ్చి ముందర పెడితే ఆడుతుందా అక్కా?"

"ఒంటరిగా ఆడితే అది ఆటా? పని. ఎదురు ఆడేవాళ్లు ఉంటే రోషం వస్తుంది. నేను దినమూ రాలేను. నువ్వు నేర్చుకో."

"నేనా? ఆడపిల్లల ఆట."

"నీ మీసం అడ్డం వస్తుందా?"

*

సొంత వీధిలో నేర్చుకుంటే పరువు దక్కదు. అందుకని అళగిరి రోజూ మధ్యాహ్నం చోళపురం బస్సెక్కడం మొదలుపెట్టాడు. పరాయి ఊరికి పోతున్నాం గదా అని తెల్ల చొక్కా వేసుకునేవాడు. తలకు నూనె రాసేవాడు. ముత్తుమారి యాడికని అడిగితే, "గాలికి పోయి వస్తా" అనేవాడు.

పక్కింటి తంగమ్మాళ్ ఇవన్నీ గమనించింది. గమనించడం ఆమె పొద్దుపోకు.

"అక్కా, అన్న దినమూ యాడికి పోతా ఉండాడు?"

"గాలికి."

"గాలికి పోయేవాడు టికెట్ తీసుకొని చోళపురం బస్ ఎక్కుతాడా? మా ఇంటాయన కళ్లారా చూసినాడు. కిటికీ పక్కన కూర్చొని వేళ్లు ఆడించుకుంటా తనలో తానే నవ్వుకుంటా ఉండాడంట."

"వయసైంది. నవ్వుకుంటాడు."

"డాక్టరమ్మ ఏదో ఒకటి పెట్టుకోమనింది అన్నావు గదా?"

"పొద్దుపోకు పెట్టుకోమనింది."

"అదేలే. నువ్వు ఇంకా పెట్టుకోలే. అన్న పెట్టుకొనేసినట్టు ఉండాడు."

ముత్తుమారి నవ్వింది. తంగమ్మాళ్ వెళ్లిపోయాక కూడా నవ్వుదామని చూసింది. రాలేదు.

సాయంత్రం అళగిరి వచ్చాడు. ఆమె కుర్చీలో కొంచెం ముందుకు జరిగి కూర్చుంది. ఎన్నో రోజుల తర్వాత ఆమె నడుం కుర్చీ వీపును వదిలింది.

"గాలి ఎట్లా ఉండాది మామా?"

"చల్లగా ఉండాది."

"పంచెకు వెనకాల ఆ మట్టి ఏంది? ఎవురింట్లో నేల మీద కూర్చున్నావు?"

"టీ అంగట్లో."

"టీ అంగట్లో బెంచీ లేదా?"

"బెంచీ... పెయింట్ వేసి ఉండారు."

"నుదుటి మీద ఆ బొప్పి?"

అళగిరి నుదురు తడుముకున్నాడు. "కొమ్మ తగిలింది."

"టీ అంగట్లో కొమ్మా?"

నలభై మంది కూలీల్ని కసిరి పని చేయించిన మేస్త్రీల ముందర కూడా అతడు ఇట్లా నీళ్లు నమల్లేదు. లేచి, ముఖం కడుక్కునే వంకతో పెరట్లోకి పోయాడు. మోకాళ్లు టకటకమన్నాయి. కోపంలో ఉన్నా ముత్తుమారికి ఆ చప్పుడు వింటే పాపమనిపించింది. ఈ మోకాళ్లు పెట్టుకొని వీడికి ఇంకొకత్తె కూడానా అనిపించింది.

ఆ తర్వాత కోపం కూడా అలిసిపోయింది. ఏం మిగిలిందని కోపం? వాడి పొద్దు వాడు పోగొట్టుకుంటున్నాడు. నోరు వంకరపోయి, చెయ్యి పడిపోయి, కుర్చీలో కూర్చున్న దాని ముఖం ఎంతసేపని చూస్తాడు? పోనీలే అనుకొని కళ్లు మూసుకుంది. నిద్ర రాలేదు. ఆమెకు నిద్ర రాకపోవడం అదే మొదలు.

*

మర్నాడు అతడు బస్సెక్కిన కాసేపటికి ముత్తుమారి కుర్చీలోంచి లేచింది.

"యాడికి అక్కా?" తంగమ్మాళ్ పిట్టగోడ మీంచి తల పెట్టింది.

"గాలికి."

"నేనూ వస్తా."

"బస్ ఎక్కించు, చాలు."

"ఉండు, తల దువ్వుతా."

"వద్దు. ఎవత్తినో చూసేదానికి పోతా ఉండా. నా తల నేనే ముడుచుకుంటా."

అద్దం ముందు నిలబడింది. ఎడం చేత్తో జుట్టంతా పోగుచేసింది, తిప్పింది. జారిపోయింది. మళ్లీ తిప్పింది. జారిపోయింది. మూడోసారికి పళ్లు కొరుక్కుంటూ, ఏం చేస్తున్నదో తనకే తెలియకుండా, కుడి చేతిని మెడ మీదికి తోసి దాని కింద జుట్టు కొసను అదిమిపెట్టింది. కొప్పు నిలిచింది. వంకరగా ఉంది గానీ నిలిచింది.

గుమ్మంలోంచి తంగమ్మాళ్ అది చూసింది. పుట్టాక మొదటిసారి, చూసింది చెప్పకుండా ఊరుకుంది.

ముత్తుమారి తలుపు తాళం వేసి, అలవాటు ప్రకారం తాళంచెవి నడుములో దోపుకుంది. చోళపురం బస్సులో కండక్టరును అడిగితే వెంటనే చెప్పాడు.

"తెల్ల చొక్కా తాతనా? నీళ్ల ట్యాంకు దగ్గర దిగుతాడమ్మా. మీకు ఏమవుతాడు?"

"అదే కనుక్కునేదానికి పోతా ఉండా."

ట్యాంకు దగ్గర దిగి, కుడి కాలు కాస్త ఈడ్చుకుంటూ సందులోకి నడిచింది. మూడిళ్లవతల నుంచి ఒక ఆడగొంతు వినబడింది.

"నీకు ఉండేది చేతులా, చేటలా? అంత పైకి వేస్తే అది దిగేలోపల దీపావళి వచ్చేస్తుంది."

ఆ గొంతు ముత్తుమారికి తెలుసు. మిషన్ల హోరులో కూడా వినిపించే గొంతు. అరుగు దగ్గరికి వచ్చి, స్తంభం పక్క నుంచి తొంగి చూసింది.

శంకరియమ్మాళ్ కాళ్లు చాపుకొని వక్క కొరుకుతోంది. ఎదురుగా అళగిరి నేల మీద చతికిలబడి ఉన్నాడు. మోకాళ్లు మడవలేక రెండు కాళ్లూ చెరోవైపు పోయాయి. నాలుక కొస బయటపెట్టి, బాంబు విప్పుతున్నవాడిలా ఒక గులకరాయిని పట్టుకొని ఉన్నాడు. ఎగరేశాడు. కిందిది ఏరబోయాడు. పైది వచ్చి పాత బొప్పి మీదే పడింది.

"అమ్మా," అన్నాడు మెల్లిగా.

"శంకరక్కా," అంది ముత్తుమారి, "ఈ మనిషి నీకు యాడ దొరికినాడు?"

అళగిరి చేతిలో మిగిలినవి కూడా రాలిపోయాయి.

"మారీ. నువ్వు... ఎట్లా వచ్చినావు?"

"గాలికి వచ్చినా."

శంకరియమ్మాళ్ వక్క ఉమ్మేసి నవ్వింది. "తీసుకొని పో తల్లీ. ఇన్నాళ్లు నేర్పించినా ఒక్క రాయి నిలకడగా పట్టలేడు. నీకోసం నేర్చుకుంటాడంట. నీతో ఎదురు ఆడాలంట. నువ్వు ఎట్లా వేగినావో ఈ మనిషితో."

"నేను యాడ వేగినాను? గేటు దగ్గర చూసిందే."

అంటూనే ముత్తుమారి స్తంభం పట్టుకొని మెల్లగా వంగి, నేల మీద కూర్చుంది. ఆస్పత్రి నుంచి వచ్చాక ఆమె నేల మీద కూర్చోవడం అదే మొదలని అళగిరి ఒక్కడికే తెలుసు. రాలిన రాళ్లు ఒక్కొక్కటీ ఏరసాగాడు. మాట్లాడితే ఎక్కడ లేచిపోతుందో అని భయం.

"నువ్వు కింది రాయిని చూస్తా ఉండావు మామా. అందుకే తప్పుతా ఉండాది. ఎగిరేదాన్ని చూడు. కింద ఉండేదాన్ని చెయ్యే చూసుకుంటుంది."

"కింద ఉండేది నాకు కనపడొద్దా?"

"వద్దు. అది యాడికీ పోదు."

అళగిరి ఆమెవైపు చూశాడు. ఈసారి ఆమె తిట్టలేదు.

*

తిరుగు బస్సు కోసం ఇద్దరూ రోడ్డు పక్క షెల్టరులో కూర్చున్నారు. సిమెంటు బల్ల చల్లగా ఉంది. సారల్ మళ్లీ పట్టుకుంది. రోడ్డవతల మామిడితోపు తడిసి నల్లబడింది. శంకరియమ్మాళ్ ఇచ్చిన అయిదు రాళ్లూ అళగిరి తువ్వాలు కొసలో ముడిలో ఉన్నాయి.

"నన్ను అడిగి ఉంటే నేనే నేర్పించి ఉంటా గదా," అంది ముత్తుమారి.

"అడిగి ఉంటే సుమ్మా ఉండు మామా అని ఉంటావు."

ఆలోచించింది. "అని ఉంటా."

ఒక లారీ నీళ్లు చిమ్ముకుంటూ పోయింది. అతడు తువ్వాలు తీసి ఆమె కాళ్ల మీద కప్పాడు.

"డాక్టరమ్మ అడిగినప్పుడు సిగ్గయిపోయింది మారీ. నీకు ఏమి ఇష్టమో నాకు తెలీలే."

"నాకు మాత్రం తెలుసా? ఏదో అడిగింది, చెప్పేసినా."

"నాకు నిజంగానే నిద్ర ఇష్టం."

ముత్తుమారి నవ్వింది. నోరు ఎడమకు వంకరపోయి, ఒక కన్ను మూసుకుపోయి, వంకర కొప్పుతో నవ్వింది. మిల్లు సూపర్వైజరు ఈల ఊదడం ఎందుకు మరిచిపోయాడో అళగిరికి అర్థమైంది.

"నీకు ఇంకేమి ఇష్టమో చెప్పు," అన్నాడు.

"ఇప్పుడు ఏంటికి?"

"తెలుసుకుందామని."

ఆమె వానవైపు చూస్తూ, కుడి చేతిని ఎడం చేతిలోకి తీసుకుంది.

"గేటు దగ్గర తాళంచెవి ఇచ్చేటప్పుడు నీ చెయ్యి తగులుతుందే, అది వెచ్చగా ఉంటుంది. మిషన్ వేడి. ఒకసారి నీకు అమ్మవారు పోసి లీవు పెట్టినావు, గుర్తుందా? ఆ నాళ్లు నేను గేటు దగ్గర నిలబడి, ఏదో మరిచిపోయినట్టు ఉండాదే అనుకుంటా లోపలికి పోయినా."

అళగిరి దగ్గర ఉన్న "సరి" అనే ఒక్క మాటా ఇక్కడ పనికిరాదు. తువ్వాలు ముడి విప్పి, రాళ్లు సిమెంటు బల్ల మీద పోశాడు.

"ఆడు."

"ఏ చేత్తో?"

"ఎడమతో వెయ్యి. కుడితో పట్టు. నా కంటే అధ్వానంగా ఆడలేవులే."

"అది నిజం."

ఎడం చేత్తో ఎగరేసింది. రాయి కుడి చేతి మీద పడి జారిపోయింది. మళ్లీ వేసింది. ముడుచుకున్న వేళ్ల మీద తగిలి ఎగిరిపోయింది. అతడి వంతు వచ్చింది. అతడిదీ పోయింది. ఇద్దరూ ఒకరినొకరు ఎగతాళి చేసుకున్నారు. రాళ్లు ఏరడానికి వంగిన ప్రతిసారీ అతడి మోకాళ్లు టకటకమన్నాయి, ఆమె ప్రతిసారీ "వచ్చే ఏడు కుర్చీ" అంది. ఒక రాయి బల్ల చివర నుంచి దొర్లి, కాలవలో పడి కొట్టుకుపోయింది.

"పోయింది," అన్నాడు అళగిరి. "నాలుగుతో ఆడవచ్చా?"

"నాలుగు రాళ్ల ఆట యాడ ఉండాది? ఉండు."

ఆమె ఎడం చేత్తో నడుములోంచి తాళంచెవి తీసింది. పాతకాలపు ఇత్తడి తాళంచెవి. ఎన్నో ఏళ్లు ఇద్దరి చేతుల మధ్య నలిగి అంచులు అరిగిపోయి, నున్నగా మెరుస్తోంది. దాన్ని పైకెగరేసింది. ఎక్కువ ఎత్తు కాదు. అది వాన వెలుతురులో ఒకసారి తిరిగింది. ముత్తుమారి చూపు దాని మీదే ఉంది. కింద ఏముందో చూడలేదు.

తాళంచెవి కుడి అరచేతిలో పడింది. వేళ్లు మూసుకున్నాయి. చిటికెన వేలు రాలేదు. ఉంగరం వేలు సగమే వచ్చింది. కానీ తాళంచెవి కింద పడలేదు.

ఆమె చేతివైపు చూసుకుంది. అతడూ చూశాడు.

బస్సు వచ్చింది. కండక్టరు మెట్టు మీంచి వంగి చూశాడు. "తాతా, ఎక్కుతారా లేదా?"

"ఉండు, నా ఆట ఇంకా అవలే," అంది ముత్తుమారి, తల ఎత్తకుండా.

కండక్టరు ఒకసారి రాళ్లవైపు, ఒకసారి ఆమె వంకర కొప్పువైపు చూశాడు. కనుక్కునేదానికి పోయిన మనిషి కనుక్కున్నట్టే ఉంది అనుకున్నాడేమో, ఈల ఊదాడు. బస్సు వెళ్లిపోయింది. తరువాతి బస్సు ఎప్పుడో ఇద్దరికీ తెలియదు. వాన సన్నబడింది. కొండల మీద వెలుతురు ఎర్రబారి, మామిడితోపు వెనక్కి దిగసాగింది.

"మారీ, పొద్దు పోయింది," అన్నాడు అళగిరి.

"అవునా? తెలీనే లే."

అతడు లేచి నిలబడి, ఎన్నో ఏళ్ల అలవాటు కొద్దీ తాళంచెవి కోసం చెయ్యి చాపాడు. ముత్తుమారి ఇవ్వలేదు. తాళంచెవి కుడి పిడికిట్లోనే ఉంది. ఆ పిడికిలిని అట్లాగే తీసుకొచ్చి, తాళంచెవితో సహా అతడి అరచేతిలో పెట్టి, అక్కడే ఉంచింది.

"పొద్దు పోతే పోనీ మామా," అంది. "నువ్వు పోకు."